చిన్న రాడుకు కట్టిన ముడుపు

ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా అలిసిపోయామంటే నాకు లోలోపల నవ్వొస్తుంది. అసలైన అలసట ఏమిటో నేను మీసం గట్టిపడని వయసులోనే చూసేశాను. ఆ రోజుల్లో బాన్సువాడలో కిరాయి జీపు నడపడమంటే నడుములు పడిపోయే పనే, కాదనను. కాలువ కట్టల మీద గుంతలు, సీటులో పట్టినంతమందీ, పట్టనంతమందీ, పైన ఎరువు బస్తాలు. కానీ నన్ను అలసిపోయేలా చేసింది ఆ పని కాదు, ఒక చప్పుడు. బస్టాండు దగ్గర మలుపు తిప్పానో లేదో, బండి కింద ఎవరో కూర్చుని సమ్మెటతో ఒక్కటిచ్చినట్టు ‘ధడ్’మనేది. స్టీరింగు బిగుసుకుపోయి నా చేతులతో కుస్తీ పట్టేది. వెనుక కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తర్వాత అందరూ కలిసి నా మొహం చూసేవాళ్లు (డ్రైవరుకు అంతకంటే అవమానం ఇంకోటి లేదు).

జీపు మా బావది, అంటే మా అక్క మొగుడిది. నాలుగు చక్రాలూ లాగే రకం. మా వైపు నిజాంసాగర్ కాలువ నీళ్లు పారే పొలాలు కదా, నాట్ల కాలంలో బురదలోకి దిగిన మామూలు బండి మళ్లీ కోతలకు గానీ బయటపడదు. అందుకని బావ ఏరి కోరి ఆ పాత జీపు కొన్నాడు. పెద్ద గేరు రాడు పక్కనే ఇంకో చిన్న రాడు ఉండేది. అది వెనక్కి లాగితే ముందు చక్రాలకు కూడా బలం అందుతుంది, ముందుకు తోస్తే మామూలుగా వెనుక చక్రాలే లాగుతాయి. ఇంత వివరం నాకిప్పుడు తెలుసు. అప్పుడు తెలిసింది ఒక్కటే. బండి నా చేతికిచ్చిన రోజు బావ వేలు చూపించి, “గా చిన్న రాడు జోలికి పోకు, బురదల దిగినప్పుడు నేను జూస్కుంట” అన్నాడు. నేను ట్రాక్టరు మీద నేర్చుకున్నవాణ్ణి, జీపు రహస్యాలు అడిగేంత ధైర్యం లేనివాణ్ణి. సరేనన్నాను. ఆ తర్వాత ఆ రాడు ముందుకుందో వెనక్కుందో కూడా పట్టించుకోలేదు.

చప్పుడు మొదలైన నాటి నుంచి మా బతుకు చెవుల భాయ్ చేతిలో పడింది. ఆయన బీర్కూర్ రోడ్డులో మెకానిక్. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. అందుకే ఆ పేరు. ఊళ్లో సగం బండ్ల గుండెలు ఆయనకు తెలుసు. మా జీపు దగ్గర మాత్రం ఆ చెవులు ఓడిపోయాయి. మొదట జాయింటు క్రాసులు అరిగాయన్నాడు, కొత్తవి వేశాడు. ధడ్. ఇంజను కింద రబ్బర్లు చచ్చాయన్నాడు, మార్చాడు. ధడ్. కమాన్ల (స్ప్రింగు పట్టీల) బుష్‌లు, బోల్టులు, వెనుక హౌసింగు విప్పి అందులోని పళ్ల చక్రాలు... విప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి అరిగే కనిపించేది (అంత పాత బండిలో అరగనిది హారన్ ఒక్కటే, అది మోగేది కాదు గనుక). బిగించిన ప్రతిసారీ నేను ఆశగా బస్టాండు మలుపు దాకా వెళ్లి, అదే చప్పుడు విని, మొహం వేలాడేసుకుని వెనక్కి వచ్చేవాణ్ణి. చివరికి నేను వాకిట్లో ఆగితే చాలు, ఆయన ఏమీ అడగకుండానే జాకీ తీసేవాడు.

ఊరికే విసుగైతే భరించేవాణ్ణే. వెనకాల వేరే భయం ఉంది. బావ తమ్ముడు దుబాయ్‌లో ఉండేవాడు, నాకు వీసా పంపుతానని ఎప్పటి నుంచో అంటున్నాడు. పాస్‌పోర్టు కూడా వచ్చి ఇంట్లో కూర్చుంది. బండి బాగా నడిచినన్నాళ్లూ ఆ మాట ఎవరూ ఎత్తలేదు. చప్పుడు మొదలయ్యాక కిరాయిలు తగ్గాయి. పిట్లం పోయే ఆసాములు ఎక్కబోయి, ఇదే కదా ఆ కొట్టుకునే బండి అని దిగిపోయేవాళ్లు. ఒకరోజు బావ అన్నం తింటూ తలెత్తకుండానే చెప్పాడు.

“ఇగ నాతోని గాదు. పిట్లంల ఒకడు అడుగుతుండు, ఈ నెలాఖరుకు బండి ఇచ్చేస్త. నువ్వు దుబాయ్ పో. ఈడ ఉండి ఏం జేస్తవ్?”

నాకు దుబాయ్ వెళ్లాలని లేదు. వెళ్లినవాళ్లు మంచి చొక్కాలతో వచ్చేవాళ్లు, నిజమే. కానీ వచ్చిన వారానికే కళ్లు గుంటలు పడేలా మళ్లీ ప్రయాణపు దిగులు. నాకు కాలువ కట్ట, ఆ బురద, ఆ పాడు జీపే ఇష్టం. ఆ సంగతి పైకి చెప్తే చేతగానితనం అనుకుంటారని నోరు మూసుకున్నాను. మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అంటాం) అల్లుడి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. కంచంలో ఇంకొంచెం పప్పు వేసి లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే బీర్కూర్ దగ్గర క్యాంపు (వలస వచ్చినవాళ్ల పల్లె) నుంచి ఒక పెద్దాయన కిరాయికి పిలిచాడు. వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు, మాటలో ఆ యాస ఇంకా పోలేదు. వాన వెలిసిన మర్నాడు, ఆయనను ముందు సీటులో కూర్చోబెట్టుకుని పొలం గట్ల వెంట తిరిగాను. ఆశ్చర్యం, బురదలో బండి పిల్లిలా నడిచింది. ఎంత మలుపు తిప్పినా చప్పుడు లేదు. దేవుడు కరుణించాడనుకుని ఈల కూడా వేశాను. తారు రోడ్డెక్కి బాన్సువాడ వైపు తిప్పగానే ధడ్. ఈల పెదాల మీదే చచ్చింది. పెద్దాయన మోకాలు ఎగిరి చిన్న రాడుకు తగిలింది. ఆయన వంగి దాన్ని చూశాడు.

“ఏమయ్యా అబ్బాయ్, తారు రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలూ వేసే నడుపుతున్నావేంటి? మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. బురదైతే జారి సర్దుకుంటాయి. తారు మీద ఎక్కడికి జారతాయి?”

అప్పుడు చూశాను ఆ రాడును, అన్నాళ్లకు, సరిగ్గా. వెనక్కి లాగి ఉంది. లాగి ఉండటమే కాదు, దానికి పసుపు గుడ్డలో ముడుపు కట్టి, ఆ గుడ్డ కొసను సీటు కింది ఇనుప గొట్టానికి బిగించి ముడేసి ఉంది. మా అవ్వ చేతి ముడి. నాట్లప్పుడు బావ బురదలో వేసిన రాడు అలాగే ఉండగా అవ్వ వచ్చి కట్టేసి ఉంటుంది. ఆ ముడుపు నేను రోజూ చూస్తున్నదే. బండి క్షేమం కోసం కట్టిందనుకుని, ఎక్కేటప్పుడు కళ్లకద్దుకుని మరీ స్టార్ట్ చేసేవాణ్ణి. బావ చూశాడు, దేవుడిదని వదిలేశాడు. చెవుల భాయ్ అయితే బండినంతా గుల్ల చేశాడు గానీ, ఆ గుడ్డకు గ్రీసు చెయ్యి తగలకుండా ప్రతిసారీ దాని మీద కాగితం కప్పేవాడు. మొక్కు తీరనిదే ముడుపు విప్పకూడదని మా ఊళ్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అంత మర్యాదస్థుల మధ్య ఆ రాడు అలా బందీ అయిపోయింది.

ఇంటికి పోయేసరికి అవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. సంగతి చెప్పి, ముడుపు విప్పమన్నాను. చేట ఆపలేదు.

“మొక్కు తీరలే. తీరనిది ఎట్ల ఇప్పుత బిడ్డా?”

“బండి చప్పుడు పోవాల్నంటే అది ఇప్పాలె అవ్వా. అది ఇప్పితెనే గదా నీ మొక్కు తీరేది” అని నాకు తోచిన న్యాయం చెప్పాను.

“బండి కోసమని నీకెవలు జెప్పిండ్రు?” అంది. చేట ఆగింది. “నీ పాస్‌పోటు వచ్చిన దినం కట్టిన. నువ్వు దుబాయ్ పోవద్దని.”

నన్ను ఊళ్లో ఉంచడానికి కట్టిన ముడుపే బండిని కొట్టుకునేలా చేసి, ఆ చప్పుడే నన్ను దుబాయ్‌కి తరుముతోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ కొంచెం కొంచెం వచ్చాయి. నాకు కూడా పోవాలని లేదని ఆ రోజే మొదటిసారి పైకి చెప్పాను. అవ్వ ముక్కు చీదుకుని, కాళ్లూ చేతులూ కడుక్కుని, బొట్టు పెట్టుకుని, ఇంకో పసుపు గుడ్డలో రూపాయి, గుప్పెడు బియ్యం మూటగట్టి జీపు దగ్గరికి వచ్చింది. పాతది విప్పినందుకు దేవుడికి కోపం రాకుండా ముందు కొత్తది కట్టాలట.

“మోగని జాగ సూపెట్టు” అంది.

ముందు సీటువాళ్లు పట్టుకునే ఇనుప పిడి చూపించాను. అక్కడ కట్టి, దణ్ణం పెట్టి, అప్పుడు పాత ముడి విప్పింది. నేను రాడు ముందుకు తోసి, అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని బస్టాండు మలుపు తిప్పాను. చప్పుడు లేదు. ఇంకోసారి తిప్పాను. లేదు. చెవుల భాయ్ దగ్గర ఆపితే ఆయన అలవాటుగా జాకీ తీశాడు. అసలు సంగతి విని జాకీని మళ్లీ లోపల పెట్టేశాడు.

“దేవునిది గద భాయ్, నేనెట్ల ముడ్త? మీ అవ్వ నారాజ్ అయితదని ఊకున్న” అన్నాడు. ఆయన మీద కోపం రావాల్సింది, రాలేదు.

బావ బండి అమ్మలేదు. దుబాయ్ మాట దానంతటదే పాతబడింది. రెండో ముడుపును మాత్రం అవ్వ తన జీవితంలో విప్పలేదు. మొక్కు తీరింది కదా అంటే, వీసాలు ఎప్పుడైనా రావచ్చు అనేది. జీపు ముసలిదై తుక్కుకు పోయిన రోజు, ఆ ఇనుప పిడిని ముడుపుతో సహా ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. అప్పటికి అవ్వ లేదు.

ఇప్పుడు నా దగ్గరున్నదీ నాలుగు చక్రాలు లాగే బండే. రాడు లేదు, గుండ్రటి మీట తిప్పితే చాలు. ముడుపు కట్టడానికి అందులో ఒక్క చోటు లేదు, నేను వెతికాను. ఎక్కి దిగితే చప్పుడు వచ్చేది నా మోకాళ్ల నుంచే. మొన్న పిట్లం నుంచి వస్తుంటే, గుంతలో పడినప్పుడల్లా సీటు ముందున్న చిన్న పెట్టెలో ఏదో ఇనుప ముక్క టక్కుమంటోందని, మెకానిక్‌కు చూపించమని మా ఆవిడ విసుక్కుంది. పెట్టె తీయబోతుంటే వద్దన్నాను. ఆ చప్పుడు ఎక్కడిదో నాకు తెలుసని, దానికి రిపేరు అక్కర్లేదని చెప్పి, తర్వాతి గుంతను తప్పించకుండా పోనిచ్చాను.