గొర్ల దొడ్డిలోంచి పందేనికి పోయిన జీపు

పోయిన నెల నా పెద్దకొడుకు పోయాడు. పొద్దున మెకానిక్ దుకాణం తాళం తీస్తూ తీస్తూ కూలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయేలోపే గుండె ఆగిందన్నారు. నల్గొండ దిక్కు జీపు పందేలు చూసినవాళ్లకు వాడు తెలిసే ఉంటాడు. తెలియనివాళ్లకు చెబుదామని కూర్చున్నాను. ఏడుస్తూనే మొదలుపెట్టాను గానీ, వాడి సంగతులు రాస్తుంటే నవ్వే వస్తోంది.

పందెం జట్టు మా ఇంటాయనది. కిరాయి జీపులు నడిచే రోజుల్లో, కోతలయ్యాక బీడు నేలలో డ్రైవర్లంతా పందేలు పెట్టుకునేవారు. మా జీపు లేపిన దుమ్ములో మిగతావన్నీ దగ్గుకుంటూ వచ్చేవి. తర్వాత ఆటోలు వచ్చాయి. ఆయన పోయాడు. జట్టులో ఉన్నవాళ్లు ఒకరు సిమెంటు ఫ్యాక్టరీకి, ఒకరు కూతురింటికి పోయారు. జీపు మా గొర్ల దొడ్డిలో పడింది. వెనక సీటులో కోళ్లు గుడ్లు పెట్టేవి. డ్రైవరు సీటులో మేక ఈనింది.

తెలంగాణ వచ్చిన ఏడాది మా వాడు పోయి ఆ జీపు ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నాయిన జట్టును మళ్ల లేపుత."

"ముందు నువ్వు పొద్దుగాల లేవు కొడుకా," అన్నాను.

మేకను దింపడానికే రెండు రోజులు పట్టింది. అది దిగదు, వాడు కొట్టడు. "జర దిగు తల్లీ, రంగు ఏసినంక మళ్ల ఎక్కిస్త" అని బతిమాలాడు. నా కొత్త గొంగడి ఎత్తుకుపోయి ఇంజనుకు కప్పాడు. దానికి చలి పెడ్తదారా అంటే, "నీకు గొర్లున్నయ్, ఇంకోటి నేయించుకుంటవు. దానికెవరున్నరు?" అన్నాడు. సబ్బు ఎంత రుద్దినా చేతుల డీజిల్ వాసన పోయేది కాదు. చిన్నప్పుడు మార్కులడిగితే, "ఆఖరు నంబరు గూడ నంబరే గదమ్మా" అనేవాడు.

జీపు లేచింది గానీ పందెం పూర్తి చేయలేదు. మొదటి ఏడాది టైరు ఊడిపోయింది. రెండో ఏడు సగంలో పొగ లేచింది. బానెట్ ఎత్తి చూస్తే లోపల కోడి గూడు. మూడో ఏడు పందెం పెట్టే పెద్దమనిషి తేల్చి చెప్పాడు: "ఈసారి గూడ గీత దాటకపోతే మీ జట్టు పేరు కొట్టేస్తం. మీ జాగ వేరేటోళ్లకిస్తం." మా వాడు వారం రోజులు సరిగా తినలేదు. తండ్రి పెట్టిన పేరు కదా.

ఆ రోజు నేనూ పోయాను. దిష్టి తీయకుండా బండిని పంపుతామా? నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. కొబ్బరికాయ కొడుతుంటే జెండా ఊపేశారు. మిగతా జీపులన్నీ దూకాయి. నా కాయ పగలలేదు.

"అమ్మా, పోనియ్యే!"

"ఆగు బిడ్డా, కాయ పగలకుండ పోతవా?"

"ఓ పెద్దమ్మా, ఆళ్లు మూల మలిగిండ్రు!" అని వాడి దోస్తులు నెత్తి కొట్టుకుంటున్నారు.

వేరేవాడైతే నన్ను నెట్టేసి పోయేవాడు. వాడు దిగొచ్చి, నా చేతిలో కాయ తీసుకొని బంపరుకేసి కొట్టాడు. కాయ పగిలింది. బంపరూ ఊడింది.

"ఇగ పోవచ్చా?"

"మెల్లగ పో," అన్నాను. పందేనికి పోయేవాడితో!

వాడు ఎంత ఉరికించినా ఏం లాభం? గెలిచినవాళ్లు దండలు వేసుకొని ఫోటోలు దిగారు. జనం లేచారు. షామియానా గుంజలు పీకుతున్నారు. మా వాడికి ఇంకా ఒక చుట్టు ఉంది. గీత దగ్గర జెండా ఊపాల్సినాయన చాయ్ తాగుతున్నాడు. పోయి చేయి పట్టి లాక్కొచ్చాను.

"ఇంకెవరున్నరమ్మా?"

"నా కొడుకున్నడు. నిలబడు."

జీపు వచ్చింది. గీత దాటింది. దాటి, అక్కడే ఆగిపోయింది. జట్టు పేరు నిలిచింది.

తర్వాతి ఏళ్లలో కప్పులు కూడా తెచ్చాడు. నా కళ్లకు మాత్రం ఆ రోజే కనిపిస్తుంది. తలకాయ నుంచి కాళ్ల దాకా ఎర్ర దుబ్బ, ఎవరి కొడుకో గుర్తుపట్టలేం, పండ్లొక్కటే తెల్లగా. కళ్లలో దుమ్ము పడి, పక్కనే ఉన్న నన్ను వదిలేసి, షామియానా గుంజల వైపు తిరిగి నవ్వుతున్నాడు: "అమ్మా, వచ్చిన!"