నిష్ఠకు కుర్చీ కాపలా

కిర్రుమని కుర్చీ జరిగిన చప్పుడు వినిపించిందంటే మా బాబాయి ఆఫీసుకొచ్చినట్టే. కూర్చోవడానికి కాదు, దాన్ని దూరంగా నెట్టడానికి. మా బాబాయి కూర్చోరు. ఆయనకున్న జబ్బల్లా అదొక్కటే.

ఆయన నిఘంటువు ప్రూఫులు దిద్దేవారు. దిద్దినవాటిని అచ్చుకు పంపడం పక్క గదిలో నా పని. బాబాయి నిలబడి చదివేవారు, నిలబడి తినేవారు, బీరువాకు ఆనుకుని నిలువునా కునికేవారు. కిటికీలోంచి వచ్చిన ఎండ కూడా మధ్యాహ్నానికి అలిసిపోయి నేలమీద చతికిలబడేది. ఆయన మాత్రం చెక్కుచెదరరు. మేం చాటుగా పెట్టుకున్న పేరు నిలువుటద్దం.

"ఎందుకు బాబాయ్ ఈ శిక్ష?"

"శిక్ష కాదురా, నిష్ఠ. ఆ మాట ఎక్కడ పుట్టింది? 'స్థా' అనే ధాతువులో. అంటే నిలబడటం. ముందు 'ని' చేరితే గట్టిగా నిలబడటం. ఈ ఉపవాసాలూ నియమాలూ తర్వాత వచ్చి చేరాయి. అసలు సరుకంతా కాళ్లలోనే ఉంది!"

"మరి ఆ కునుకో?"

"అది వేరే పేజీ."

ఆ గదిలో పట్టేది ఒక్కటే కుర్చీ. ఆఫీసు కట్టుబాటు ప్రకారం అది దిద్దేవారిది. రాతప్రతి పట్టుకుని పైకి చదివే సహాయకురాలు నిలబడాలి. నిలబడలేకపోతే ఉద్యోగం లేదు. బాబాయి గదిలో మాత్రం సహాయకురాలైన పెద్దావిడే కూర్చుని చదివేది.

ఒకరోజు యజమాని తలుపు తోశాడు. పెద్దావిడ లేవబోయి, లేవలేక బల్ల అంచు పట్టుకుంది.

"ఈవిడ కూర్చుందేం?"

"కాపలా అండీ," అన్నారు బాబాయి తడుముకోకుండా. "ఖాళీ కుర్చీ కనబడితే నా మనసు లాగేస్తుంది. నిష్ఠ చెడుతుంది. అందుకే ఈమెను కూర్చోబెట్టాను."

యజమాని కళ్లలో భక్తి పొంగింది. "అమ్మా, మీరు కదలకండి! భోజనానికి లేచినా దానిమీద ఏదైనా బరువు పెట్టి వెళ్లండి!"

ఆ సాయంత్రం ప్రూఫులివ్వడానికి బాబాయి ఇంటికి వెళ్లాను. పిన్ని తలుపు తీసింది. లోపల పడక్కుర్చీలో బాబాయి ఆరేసిన దుప్పటిలా పరుచుకుని ఉన్నారు. కాళ్లు రెండూ వేణ్ణీళ్ల బకెట్లో.

"బాబాయ్! నిష్ఠ?"

"అది ఈ గుమ్మం దాటి రాదు," అంది పిన్ని. "ఆ పెద్దావిడకి మోకాళ్లు అరిగిన దగ్గర్నుంచీ మీ బాబాయికి నిష్ఠ పట్టుకుంది."

బాబాయి బకెట్లోంచి కాలెత్తి మరీ నన్ను బెదిరించారు.

"ఆవిడ చెవిన వేశావో, ఊరుకోను. అసలే మొండిమనిషి, రేపట్నుంచీ తనే నిలబడుతుంది. అలా గుడ్లప్పగించి నిలబడ్డావేం? ఇంకో చెంబు వేణ్ణీళ్లు పొయ్యరా!"