రేడియోకి చప్పట్లు

మా బాబాయి రేడియోకి చప్పట్లు కొడతాడు.

పాట బాగుంటే ఎవరైనా కొడతారు, ఇందులో వింతేముంది అనకండి. పాట ఒక్కటే అయితే నేనూ ఊరుకునేవాణ్ణి. వార్తలు చదివే ఆయన నోరు తిరగని విదేశీ మంత్రి పేరు తడబడకుండా పలికితే చప్పట్లు. రేపు చిరుజల్లులు పడవచ్చని చెబితే చప్పట్లు. మర్నాడు ఎండ మాడ్చేస్తే, "పాపం, ఎంత ఆశగా చెప్పాడో!" అని ఓదార్పుగా ఇంకో రెండు చప్పట్లు. ఒకసారి సెలూన్లో గడ్డం సగం గీయించుకుని, మెడ మీద కత్తి ఉండగా, అక్కడి రేడియోలో ఎవరో వేణువు ముగించారని చటుక్కున చేతులెత్తి కొట్టాడు. సెలూన్ ఆయన కత్తి పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా, మీరొచ్చినప్పుడు రేడియో కట్టేస్తాను. నాకు పిల్లలున్నారు."

బాబాయిది కళ్లజోళ్ల దుకాణం. అక్కడా ఓ చిన్న రేడియో ఉండేది. ఒకరోజు ఓ పెద్దాయన గోడ మీది అక్షరాల పట్టీలో అన్నిటికన్నా కింది వరస చదవడానికి నానా తంటాలు పడుతున్నాడు. సరిగ్గా అప్పుడే రేడియోలో ఏదో ముగిసింది. బాబాయి చప్పట్లు కొట్టాడు. పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "అంటే నాకు అద్దాలు అక్కర్లేదన్నమాట!" అంటూ లేచి హుషారుగా వెళ్లిపోయాడు. బాబాయి వెనకాల పరుగెత్తినా అందలేదు. ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చాడు, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో.

నీటి సరఫరా ఆఫీసులో కొత్తగా ఉద్యోగం వచ్చి, ఇల్లు దొరికేదాకా బాబాయి వాళ్లింట్లో ఉందామని దిగాను. మొదటి సాయంత్రమే ముందుగదిలోంచి చప్పట్లు వినిపించాయి. ఎవరో చుట్టాలొచ్చారు కాబోలు, నన్ను చూసి సంతోషిస్తున్నారు కాబోలు అనుకుని జుట్టు దువ్వుకుని వెళ్లాను. బాబాయి ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా పెద్ద చెక్కపెట్టె రేడియో.

"వాళ్లకి వినపడదు కదా బాబాయ్?"

"ఎవరికి?"

"రేడియోలో వాళ్లకి."

"వినపడదని నీకు వాళ్లు చెప్పారా?"

వంటింట్లోకి వెళ్లి పిన్నిని అడిగాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"కొంతమంది ముక్కుపొడి పీలుస్తారు, కొంతమంది పేకాడతారు. ఈయన చప్పట్లు కొడతారు. ఖర్చు లేదు, కంపు లేదు. పోనిద్దూ."

పోనివ్వడం నా వల్ల కాలేదు. ఆఫీసు నుంచి రాగానే ఆయన్ని గమనించడమే నా పని అయిపోయింది. గమనించిన కొద్దీ చిక్కు పెరిగిందే గాని తగ్గలేదు. రేడియో గోడకి ఆనించి ఉంటుంది. కుర్చీ కూడా గోడకి ఆనించే ఉంటుంది. గదిలో అంత చోటు ఉండగా మనిషి పోయి ఆ మూల ఇరుక్కుంటాడు. పైగా సాయంత్రమయ్యేసరికి రేడియో గొంతు బాగా తగ్గించేస్తాడు. వినేవాడు పెంచుకోవాలి గాని తగ్గించుకోవడమేమిటి?

ఒకరోజు రేడియోలో సిమెంటు గట్టిపడే విధానం గురించి ఎవరో ఇంజనీరు ప్రసంగిస్తున్నాడు. "ఇసుక పాళ్లు ఎక్కువైన పక్షంలో..." అంటుండగానే, మాట పూర్తికాకుండానే, బాబాయి కళ్లు మూసుకుని ఎడాపెడా చప్పట్లు కొట్టేశాడు.

"బాబాయ్! ఆయనింకా వాక్యం పూర్తి చెయ్యలేదు!"

బాబాయి ఉలిక్కిపడ్డాడు. "ఎంతవరకు చెప్పాడు?"

"ఇసుక దగ్గరున్నాడు."

"ఆఁ, ఆ ఇసుక ముక్కే నాకు నచ్చింది," అని గబగబా లేచి మంచినీళ్లకి వెళ్లిపోయాడు.

ఇలా ఉండగా రేడియోలో శాస్త్రీయ సంగీత వారం వచ్చింది. సోమవారం మొదలు వారమంతా, సాయంత్రం పూట, స్టూడియో నుంచి నేరుగా ప్రసారం. బాబాయి అరచేతులకి కొబ్బరినూనె రాసుకుని కూర్చున్నాడు. సోమవారం వేణువు కచేరీ అయ్యాక, ప్రకటన చేసే అమ్మాయి వారంలో మిగతా కళాకారుల గురించి తీయగా చెప్పుకుపోయింది. రేపు గాత్రం. ఎల్లుండి ఒక పెద్ద విద్వాంసుడి కచేరీ. "గురువారం కొత్త కళాకారులకు కేటాయించాం. ఈసారి వృత్తిరీత్యా దంతవైద్యురాలైన ఒకరు వయొలిన్ వినిపిస్తారు."

బాబాయి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఇన్నాళ్లలో ఒక ప్రకటనకి ఆయన చప్పట్లు కొట్టకపోవడం నేను చూడటం అదే మొదలు.

"విన్నావుటే?" అని వంటింట్లోకి కేకేశాడు. "మన పళ్ల డాక్టరమ్మ!"

పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మొగుడూ పెళ్లాలిద్దరూ గోడకేసి చూశారు. నేనూ చూశాను. ఆ గోడకి అవతలి వాటాలో ఉండేది డాక్టరమ్మే. ఎంతటి మొండి దంతాన్నయినా నవ్వుతూ పీకేసే మనిషి. వీధిలో కుస్తీలు పట్టేవాడు కూడా ఆవిణ్ణి చూస్తే పెదవులు బిగించుకుని నమస్కారం పెట్టేవాడు.

అప్పుడు పిన్ని చెప్పింది అసలు సంగతి.

డాక్టరమ్మ సాయంత్రాలు తలుపులన్నీ వేసుకుని వయొలిన్ వాయించుకునేది. ఎవరైనా వింటున్నారంటే చాలు, వేళ్లు కొయ్యబారిపోయేవట. ఈ సంగతి తెలియక, కొత్తలో ఒకసారి బాబాయి ఆనందం పట్టలేక గోడ ఇవతలి నుంచి చప్పట్లు కొట్టాడు. దెబ్బకి వయొలిన్ ఆగిపోయింది. మర్నాడు లేదు, ఆ మర్నాడూ లేదు. మెట్ల మీద ఎదురుపడితే ఆవిడ తప్పు చేసినదానిలా తల దించుకుని పోయింది. బాబాయికి అన్నం సహించలేదు.

"అప్పుడేం చేశారనుకున్నావు? ఈ రేడియో కొనుక్కొచ్చారు. దానికి కొట్టడం మొదలెట్టారు. పక్కింటాయన తనకి కాదు, రేడియోకి కొట్టాడని ఆవిడ అనుకోవాలట. కొన్నాళ్లకి మళ్లీ వయొలిన్ వినపడింది, ఈ మూల గోడకి ఆనుకుని కూర్చుంటే గాని తెలియనంత సన్నగా. అది అవగానే ఈయన చప్పట్లు, రేడియోలో ఏమొస్తే దానికి!"

"సిమెంటుకి కూడా," అన్నాను నేను, నోరు వెళ్లబెట్టి. తర్వాత బాబాయి వైపు తిరిగాను.

"మరి సెలూన్లో ఎందుకు కొట్టాలి బాబాయ్? అక్కడ గోడవతల ఆవిడ లేదుగా?"

"పైన ఆవిడ క్లినిక్ ఉందిరా," అన్నాడు బాబాయి దిగులుగా. "ఇంట్లో మాత్రమే కొడితే అనుమానం రాదూ? అంతటా కొడితే, పోనీలే, వీడికి అదో పిచ్చి అనుకుంటుంది. రాను రాను అలవాటైపోయింది, ఇప్పుడు ఆపుకుందామన్నా ఆగదు. అది సరే గాని, ఇప్పుడెలా? స్టూడియోలో ఒక్కతే కూర్చుని వాయించాలి. అయ్యాక చీమ కూడా చిటుక్కుమనదు. చప్పట్లు విని విని అలవాటైన మనిషి, ఆ నిశ్శబ్దానికి హడలిపోదూ?"

మర్నాడు దుకాణం మూసేసి, నన్ను వెంటేసుకుని రేడియో స్టేషన్‌కి వెళ్లాడు. అక్కడ ఒక ఆఫీసరు ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఎవరండీ మీరు?"

"శ్రోతనండీ."

"శ్రోతలు ఇళ్లల్లో కదండీ ఉండాలి?"

"గురువారం ఒక్కరోజు ఇక్కడుంటాను. చప్పట్లు కొట్టడానికి."

ఆఫీసరు నవ్వాడు. "చప్పట్లు మా దగ్గర టేపు మీదున్నాయండీ. చిన్నవి, పెద్దవి, ఈలలతో కలిపినవి కూడా. ఏవి కావాలంటే అవి వేస్తాం."

బాబాయి ముఖం లెంపకాయ తిన్నట్టయింది. "అవి వినేవాళ్లకి కదండీ. వాయించే మనిషికో?"

ఆఫీసరు పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి, "రండి. కానీ గాజు ఇవతల, మా టెక్నీషియన్ పక్కన కూర్చోవాలి. చిటికెడు చప్పుడైనా బయటికి పంపించేస్తాను," అన్నాడు.

బుధవారం సాయంత్రం మేం ముగ్గురం ఆ మూల చేరి చెవులొగ్గితే, గోడవతల వయొలిన్ మొదలైంది. మధ్యలో ఒకచోట పాట తెగింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ అక్కడే తెగింది. బాబాయి చేతులెత్తి సిద్ధంగా ఉన్నాడు, పాట ముగిస్తేగా! రేడియోలో పెద్ద విద్వాంసుడు ప్రాణం పెట్టి వాయిస్తున్నాడు, ఆయన్ని పట్టించుకున్న నాథుడు లేడు.

"చేతులు దించండి, పీకుతాయి," అంది పిన్ని మెల్లగా.

గురువారం మేం గాజు ఇవతల కూర్చున్నాం. డాక్టరమ్మ వచ్చి, ఎటూ చూడకుండా మైకు ముందు కూర్చుంది. ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. మొదటి పాట మొదట్లో కాస్త బిగుసుకున్నా, పోను పోను కుదుటపడి, ఇంట్లో తెగిన చోటు కూడా దాటుకుని, సాఫీగా ముగిసింది.

తర్వాత నిశ్శబ్దం. ప్రకటన చేసే అమ్మాయి కాగితం తిప్పుతోంది. డాక్టరమ్మ చేతిలో వయొలిన్ కమాను వణకడం నాకు గాజులోంచి కనిపించింది. ఆవిడ తలుపు వైపు చూసింది. క్లినిక్‌లో ఆవిడ కుర్చీలో కూర్చున్న రోగులు చూసే చూపది.

బాబాయి లేచాడు. ఆఫీసరు పళ్లు కొరికాడు. బాబాయి గాజు దాకా వెళ్లి, రెండు చేతులూ ఎత్తి, చప్పట్లు కొట్టాడు. అరచేతులు ఒకదానికొకటి తగలకుండా! వెంట్రుకవాసి దూరంలో ఆపేస్తూ, మళ్లీ విడదీస్తూ, మళ్లీ ఆపేస్తూ. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. తుమ్ము ఆపుకోవడం కన్నా కష్టపడ్డాడు పాపం.

డాక్టరమ్మ చూసింది. ఒక్క క్షణం కళ్లు చిట్లించింది. తర్వాత పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. కమాను వణుకు తగ్గింది.

రెండో పాట ఎలా ఉందని నన్నడిగితే చెప్పలేను. నాకు సంగీతం రాదు. అది అయిపోయి ఎర్రదీపం ఆరగానే, మా పక్కనున్న టెక్నీషియన్ తనే చప్పట్లు కొట్టాడు. ఆఫీసరు గుడ్లురిమి చూస్తే తడబడుతూ, "టేపు వేద్దామనుకున్నానండీ, చేతికి ఇవే దొరికాయి," అన్నాడు.

బయట వరండాలో డాక్టరమ్మ ఎదురుపడింది. "మీరేంటి ఇక్కడ?"

బాబాయి నీళ్లు నమిలాడు. "అదేనమ్మా... మా రేడియో పాడైంది. బాగుచేయిద్దామని..."

"రేడియో స్టేషన్లోనా?"

"మరి అది మాట్లాడేది ఇక్కణ్ణుంచే కదమ్మా!"

ఆవిడ వయొలిన్ పెట్టె పట్టుకుని మెట్లు దిగిపోయింది. శనివారం మాత్రం బాబాయి దొరికిపోయాడు. పన్ను సలుపుతోందంటే నేనే క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాల్చి, నోటినిండా దూది కుక్కి, తీరిగ్గా మొదలుపెట్టింది.

"ఇప్పుడైతే మాట మార్చలేరు కాబట్టి అడుగుతున్నాను. ఆమధ్య గాలివాన వచ్చిన రోజు వీధంతా కరెంటు పోయింది. నేను వాయించడం అయ్యీ అవగానే మీ ఇంట్లోంచి చప్పట్లు. కరెంటు లేకుండా మీ రేడియో ఏం పాడిందండీ?"

బాబాయి కళ్లు ఆయన అమ్మే అద్దాలంత అయ్యాయి. "ఆఁ... ఊఁ..."

"మాట్లాడకండి, దూది జారుతుంది. ఆ రోజే అర్థమైంది. సిగ్గేసి వయొలిన్ పెట్టెలో పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే, నాకోసం ఒక మనిషి ఇంత వేషం వేస్తూ ఒక్కనాడూ బయటపడలేదే అనిపించింది. మర్నాడే వయొలిన్ బయటికి తీశాను. రేడియోవాళ్లకి పంపడానికి రికార్డు కూడా చేశాను." ఏదో పరికరం చేతిలోకి తీసుకుంది. "ఒకటి మాత్రం చెప్పాలి. నేను అపశ్రుతి పలికించినా మీరు కొడుతున్నారు. అలాగైతే నేనెప్పుడు నేర్చుకుంటాను? ఇకమీదట బాగాలేకపోతే చప్పట్లు వద్దు. గోడ మీద ఒక్క గుద్దు గుద్దండి, చాలు."

బాబాయి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"ఉమ్మేయండి," అంది డాక్టరమ్మ.

బాబాయి ఉమ్మేసి, మూతి తుడుచుకుని, మొద్దుబారిన నాలుకతో అన్నాడు:

"అది మాత్రం నావల్ల కాదమ్మా. గోడ ఇంటి ఓనరుది!"