నల్లబల్ల మీద ఆయన పేరు

మొన్న నా ఫోన్ పాడైతే మనవరాలు బాగు చేయించి తెచ్చింది. తెరిచి చూస్తే సందేశాలన్నీ ఉన్నాయి గానీ పంపినవాళ్ల పేర్లు లేవు, ఒట్టి నంబర్లే. పేర్లు ఎక్కిస్తే తప్ప ఏది ఎవరిదో ఫోన్‌కు తెలియదని చెప్పి, అది నా పక్కన కూర్చుని ఒక్కొక్క నంబరూ చూపిస్తూ ఎవరిదని అడగసాగింది. ఆ అడగడం వింటుంటే పాలమూరులో మా చేనేత సంఘం ఆఫీసు, ఒక్క పేరు కోసం అందరం తలలు పట్టుకు కూర్చున్న ఆ రోజు కళ్ల ముందుకు వచ్చాయి.

అవి తొంభైల చివరి ఏళ్లు. ఆ ఆఫీసులో ఊడ్చడం, నీళ్లు పట్టడం, చాయ్ కాచడం, ఈ బల్ల మీది కాగితం ఆ బల్ల మీదికి చేర్చడం నా పని. మా ఆయన మక్తల్‌లో సంఘం మగ్గాల కొట్టంలో నూలుకు రంగులు వేసే మేస్త్రీ. వారమంతా ఆయన అక్కడ, నేను ఇక్కడ. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోయేవారు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక గానీ నాకు అక్షరం రాలేదు. సాయంత్రాలు ఆఫీసు వరండాలో పెద్దవాళ్లకు చదువు చెప్పేవారు. నా ఈడువాళ్లకు ఆ బడులు గుర్తుండే ఉంటాయి. పక్కవాళ్లు చూసి నవ్వుతారేమోనని పలకకు చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకునేవాళ్లం. ఒకరిని అడగకుండా బస్సు బోర్డు నేనే చదువుకుని ఎక్కిన రోజు, నా ఊరు దాటిపోయినా దిగబుద్ధి కాలేదు.

అప్పట్లో ఈమెయిల్ సర్వర్ పెట్టడానికి హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. వచ్చీ రాగానే మిషను బిగిస్తుందనుకున్నాం గానీ, ముందు డైరెక్టరీ సిద్ధం కావాలంది ఆమె. ఎవరెవరున్నారు, ఏ కొట్టంలో ఉన్నారు, ఎవరి కింద పని చేస్తున్నారు అన్న వివరమంతా అందులో ఉంటుందట. ఉత్తరం రాగానే సర్వర్ ఆ డైరెక్టరీని అడిగి, ఎవరి పెట్టెలో వేయాలో తెలుసుకుంటుందట. దానికి కొత్త గళ్లు చేర్చాలి, ఒకసారి చేర్చాక తీసేయడం కుదరదు, అందుకని మిషనులో అప్పటికే ఉన్నదానికి నకలు తీసి దాచుకుంది. ఇక్కడ చేర్చింది ఫోన్ లైను మీద మెల్లగా నల్లగొండలో ఉన్న మా సంఘం ఇంకో ఆఫీసు మిషనుకు చేరేదాకా కాచుకుని కూర్చుంది కూడా. మగ్గం మీద నేత మొదలుపెట్టే ముందు పడుగులో పోగు పోగూ కూర్చుని అతికే పని ఉంటుంది కదా, నాకు అదే గుర్తొచ్చింది. అప్పుడు తప్పిపోయిన పోగు బట్టంతా తప్పిపోయే ఉంటుంది.

చిక్కంతా మా అలవాటు దగ్గర వచ్చింది. మా ఆఫీసులో ఎవరినీ పేరుతో పిలిచేవాళ్లం కాదు. లెక్కలు చూసే ఆయన చాచా, టైపు చేసే ఆమె అక్క, రంగులు వేసేవాళ్లంతా మేస్త్రీలు. ఎదురుగా ఉన్నవాళ్లు తమ పేర్లు తామే చెప్పుకున్నారు. నల్లగొండవాళ్లను ఫోన్లో అడిగారు. మిగిలింది మక్తల్ కొట్టం చూసుకునే మేస్త్రీ, మా ఆయన ఒక్కరే. గాలివానకు మక్తల్ ఫోన్ లైను పడిపోయింది. జీతాల పుస్తకమున్న బీరువా తాళంచెవి జేబులో వేసుకుని చాచా పెళ్లికి పోయాడు. మేనేజరు సార్ కొత్తగా వచ్చినాయన. సాయంత్రం రైలుకు ఇంజనీరమ్మ వెళ్లిపోతుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. డైరెక్టరీలో లేని కొట్టానికి మెయిలు రాదు, మెయిలు రాని కొట్టానికి ఈసారి ఆర్డర్లుండవు, అవన్నీ నల్లగొండకే పంపిస్తానన్నారు సార్. మక్తల్‌లో మగ్గాలు ఆగితే రంగుల మేస్త్రీకి పనేముంటుంది? మక్తల్ మేస్త్రీ అని ఎక్కించమని బతిమాలాను. ఆర్డరు ఒప్పుకున్నట్టు ఆ పేరు మీదే జవాబు పోవాలి, అసలు పేరే కావాలన్నారు. అందరూ నా వైపు తిరిగారు.

“ఏంది వదినా, గట్ల నిలవడ్డవ్? అన్న పేరు చెప్పరాదు!” అంది టైపు అక్క.

“నా నోట్లకెంచి ఎట్లస్తదే?”

“పోనీ, మొదటి అక్షరం చెప్పు.”

“అది గుడ పేరే గదనే!”

“పెండ్లినాడు గడప కాడ ఆడబిడ్డలు ఆపితే చెప్పే ఉంటవ్ గదా?”

“గప్పుడు నా బదులు మా మేనమామ చెప్పిండు.”

ఇంజనీరమ్మతో సహా అందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పెనిమిటి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా అవ్వ చెప్పిన మాట నరాల్లో ఉండిపోయింది. పలికితే ఆయన ప్రాణం, పలకకపోతే ఆయన పని.

అప్పుడు ఆర్డర్లు రాసే నల్లబల్ల కంటబడింది. మా అవ్వ పలకొద్దంది గానీ రాయొద్దనలేదు. మా ఇంటి ఆడది ఒకనాడు రాస్తుందని ఆమెకు తోచనే లేదు. సుద్దముక్క తీసుకుని, ఆయన పేరు మొదటిసారి రాశాను. ఇంజనీరమ్మ దాన్ని పైకి చదువుతుంటే చెవులు మూసుకున్నాను. ఆమె టైపు కొట్టింది, మిషను తీసుకుంది. బల్ల తుడవబోతే చెయ్యి రాలేదు. పలకడం కంటే తుడిచేయడమే పెద్ద అపశకునంగా తోచింది. చాలా రోజులు ఆ పేరుకు జాగా వదిలి, దాని చుట్టూ ఆర్డర్లు రాసుకున్నారు.

లైను బాగయ్యాక మక్తల్‌కు ఆయన పేరు మీదే ఆర్డరు వెళ్లింది. ఆ శనివారం ఆయన సంచి కింద పెట్టకముందే అడిగారు.

“నా పేరు ఎవలు చెప్పిన్రే?”

“ఎవ్వలు చెప్పలె. రాసిన.”

ఆయన నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “దీనికి ఎప్పుడచ్చింది నోరు!” అన్నారు.

ఆయన పోయి ఏళ్లవుతోంది. ఇప్పటి ఆడపిల్లలు మొగుణ్ణి పేరు పెట్టి కేకేస్తుంటే నాకేమీ తప్పనిపించదు, వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ పిలుపుకు ఎవరి ఆయుష్షూ తరగడం నేను చూడలేదు. అన్నేళ్లు మేం నోరు కట్టుకున్నది దేనికా అని ఒక్కోసారి దిగులేస్తుంది.

నంబర్లన్నీ అయిపోవస్తుండగా మనవరాలు ఒకదాని దగ్గర ఆగింది. “గిది ఎవలదవ్వా?” అంది. ఆయనది. చేస్తే ఎత్తేవాళ్లు లేరు, అయినా తీసేయనివ్వను. ఇప్పుడు తరగడానికి ఆయుష్షు లేదు, వద్దనడానికి మా అవ్వా లేదు. చెబుదామని నోరు తెరిచాను, రాలేదు. ఫోన్ ఇటివ్వమని తీసుకుని, వేలితో ఒక్కొక్క అక్షరమే రాశాను.