జోహరాబీ పత్తిగింజల డబ్బా

తెల్లవారుజామున నమాజు చేసుకుని వచ్చి జోహరాబీ మా బస్టాపులో టీ పొయ్యి వెలిగించేది. గుంటూరు వెళ్ళే ఫస్ట్ బస్సు ఎక్కిన ప్రతి మనిషికీ ఒక పత్తిగింజ డబ్బాలో వేసేది. సాయంత్రం వాళ్ళు దిగుతుంటే ఒక్కొక్కటే తీసేది. వెళ్ళినవాళ్ళంతా క్షేమంగా తిరిగి రావాలని ఆమె దువా. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఇంటికి వెళ్ళేది కాదు. అందుకే గుంటూరులో ఉండిపోయేవాళ్ళు పొద్దున్నే ఆమెకు చెప్పి వెళ్ళేవారు.

2003లో, మిరపకోతలప్పుడు, ఆ బస్సు తీసేస్తారని తెలిసింది. డిపో నుంచి లక్ష్మీకాంత్ అనే ఉద్యోగి ఒకరోజు వచ్చి, ఎక్కింది ఆరుగురేనని రాసుకుపోయాడట. అబద్ధం కాదు. ఆ రోజు ఎక్కింది ఆరుగురే. అందులో నాగజ్యోతి ఒకతె. గుంటూరులో నర్సింగు చదువుతోంది. క్లాసు తొమ్మిదికి, తరువాతి బస్సేమో పదికి.

"బస్సు లేకపోతే చదువు మానెయ్యమంటున్నాడు మామ్మా, మా నాన్న" అని టీ గ్లాసు పట్టుకుని ఏడ్చింది.

"ఏడవబాకమ్మాయ్, టీలో ఉప్పు పడుద్ది" అంది జోహరాబీ.

మర్నాడు అదే బస్సెక్కి, నాగజ్యోతి తోడుగా డిపోకు వెళ్ళింది. ఎక్కేముందు తన పేర కూడా ఒక గింజ వేసుకుంది. లక్ష్మీకాంత్ బల్ల మీద డబ్బా పెట్టింది.

"బాబూ, మీరొచ్చింది అమావాస్య నాడు. ఆ రోజు కూలోళ్ళు కోతకెళ్ళరు, పెద్దోళ్ళు ప్రయాణం కట్టరు. ఇయ్యాల్టివి చూడండి, నలభై మూడు."

ఆయన నవ్వాడు. "మా క్యాలెండర్లో ఎర్రగా ఉండేది ఆదివారమేనమ్మా! అయినా గింజల్ని ఫైల్లో పెట్టలేను గదా."

"పెట్టొద్దులే. నా మాటా నమ్మొద్దు. వారం రోజులొచ్చి మీరే లెక్కపెట్టుకోండి. అప్పుడూ ఆరుగురే అయితే తీసేయండి, నోరెత్తను."

వచ్చాడు. ఏడు రోజులూ మంచులో ఆమె టీ బల్ల మీద కూర్చుని కాగితం మీద గీతలు గీశాడు. ఆదివారం కూడా ముప్పై ఎనిమిదికి తగ్గలేదు. నెలాఖరున, బస్సు ఉంచుతున్నారని చెప్పడానికి ఆయనే వచ్చాడు. నాగజ్యోతి ఆ మాట విని, పరుగున బస్సెక్కింది. జోహరాబీ గింజ వేసి, ఆయనకు టీ ఇచ్చింది.

"ఇంకా వేరే ఊళ్ళలో లెక్కకెళ్తారుగా బాబూ?"

"రేపే వెళ్ళాలమ్మా."

"అయితే నాకో సాయం చెయ్యండి. ఆ కాయితంలో తారీఖు పక్కన తిథి కూడా రాయండి."