రద్దు నియమం మార్చిన రోజు

నిశ్చయంగా చెప్పగలిగింది ఇది: చంద్రపూర్‌లో, దగ్గరి అడవిలో పులులను చూడవచ్చే పర్యాటకులకు అద్దెకిచ్చే మా మేడగదికి, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగివ్వనన్న నియమాన్ని నేనే ఎంచుకున్నాను. లేకుంటే గది ఖాళీగా పడి ఉంటుందన్నది పొరుగువారి మాట, నేను పరీక్షించలేదు.

మే నెలలో ఒక ఉదయం, మంచిర్యాల నుంచి తండ్రితో రావలసిన అతిథి ఫోన్ చేశాడు.

"మేడం, బాపుకు ఛాతిల నొస్తుంది. దవాఖాన అంటే వింటలేడు. గది పైసలు మునుగుతయట, పులిని చూస్తే నొప్పే పోతదట. బయలెల్లుతున్నం."

వెంటనే అన్నాను, "పైసలు మొత్తం వాపస్ ఇస్తనని చెప్పు తమ్మీ! ముందు దవాఖానకు తీస్కపో."

సాయంత్రం మళ్లీ ఫోన్ వచ్చింది. "గుండెపోటే అక్కా. టైముకు తెచ్చిండ్రన్నడు డాక్టరు. బాపు మంచిగున్నడు, చాయ్ అడుగుతుండు."

బయలుదేరేలోగా ఎప్పుడు రద్దు చేసుకున్నా పూర్తి సొమ్ము తిరిగి ఇచ్చేలా ఆ రోజే నియమం మార్చాను.

ఆయన నా మాటకే ఆగాడా, నొప్పి పెరిగి ఆగాడా అన్నది నేటికీ తెలియదు. ఆ ఉదయాన్ని మరోలా నడిపి చూసే వీలు లేదు కదా.