ముద్దరాయీ, మా వదిన పొరపాటూ

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆ లెక్కన మా వదినకి ఒకటిన్నర మొగుళ్లు. వంకలు పెట్టాల్సిన నోటితో నేనే పొగుడుతున్నానంటే ఆవిడలో ఏదో ఉందనే అర్థం.

వదిన మ్యూజియంలో రాళ్లు కోస్తుంది. వెనక గదిలో నీళ్లు చిమ్మే రంపం ముందు కూర్చుని, రాతిని పలకలుగా కోసి, నునుపు చేసి పెద్ద చదువులవాళ్లకి అందిస్తుంది. తను చదివింది పది. నెలకో శనివారం మాత్రం ముందు హాల్లో బల్ల వేసుకుంటుంది. జనం తమకు దొరికిన వింత రాళ్లు తెస్తే అవేమిటో చెబుతుంది. పాత అధికారి ఆమె చూపు గమనించి అప్పగించిన పని. ఇరవై ఆరేళ్లుగా చేస్తోంది.

కాకిపిల్ల కాకికి ముద్దు. తువ్వాళ్లలో చుట్టి, పసిబిడ్డల్లా పొదివి తెస్తారు. అందరివీ ఉల్కలే, అందరివీ రాక్షసబల్లి గుడ్లే. వదిన అయస్కాంతం ఆనిస్తుంది, మేకుతో గీస్తుంది, చివరికి నాలుకతో తడిపి భూతద్దం పెడుతుంది. తడిస్తే రేణువులు తెలుస్తాయట. ఇంట్లో కూరకి ఉప్పు చూడదు గానీ, ఊరందరి రాళ్లూ రుచి చూస్తుంది! తర్వాత రాయిని రిజిస్టరు మీద పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పి, పక్కన అదేమిటో రాస్తుంది.

కొత్త అధికారికి ఇదంతా నచ్చలేదు. శంఖంలో పోస్తేనే తీర్థం అనే రకం. "డిగ్రీ లేనివాళ్లు మ్యూజియం తరఫున మాట చెప్పడమేంటి? ఒక్క తప్పు దొరికితే ఆ బల్ల తీయించేస్తా" అని అందరి ముందూ అన్నాడు.

ఆ నెలే ఒక ప్లంబరు వచ్చాడు. పైపు కోసం గుంట తవ్వుతుంటే దొరికిందట, జానెడు పొడవున్న గోధుమరంగు రాయి. "గుడ్డే కదమ్మా?" అన్నాడు ఆశగా.

ఆ పూటకి అది తొమ్మిదో గుడ్డు. వదినకి విసుగొచ్చింది. పెన్సిలైతే తిప్పింది గానీ తడిపి చూడలేదు.

"గుడ్డు కాదన్నా, ముద్దరాయి. బురదలో ఖనిజాలు పేరుకుని గట్టిపడ్డాయి, అంతే."

"లోపల ఏమీ ఉండదా?"

"ఉండదు."

అతని మొహం చిన్నబోయింది. "అయితే రేపు సుత్తితో ఓ దెబ్బేసి ఆశ చంపుకుంటా" అంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అన్నయ్య నిండా దుప్పటి కప్పుకుని గుర్రుపెడుతున్నాడు. వదిన చేతిలో చీపురు పట్టుకుని అతన్నే చూస్తూ నిలబడిపోయింది.

"ఏంటొదినా, కొత్తగా చూస్తున్నావ్?"

"దుప్పటి కప్పినా మోకాలెక్కడో తెలుస్తోంది కదూ?"

"బొజ్జ కూడా తెలుస్తోంది."

ఆవిడ నవ్వలేదు. "నిన్నటి రాయి ఒక కొస సన్నం. నడుమ ఒక పక్క ఎత్తు. లోపల ఏదైనా ఉంటే ముద్దరాయి దాని ఆకారంలోనే పెరుగుతుంది. నేను ఏమీ లేదనేశాను."

అతని నంబరు రిజిస్టరులో ఉంది, రిజిస్టరు తాళం వేసిన గదిలో ఉంది. వదినకి గుర్తున్నదల్లా అతని సంచి మీదున్న షాపు పేరు.

"వదినా, తప్పని నువ్వే ఒప్పుకుంటే బల్ల పోతుంది" అన్నాను.

"అతను పగలగొట్టేస్తే రాయే పోతుంది. బండి తియ్."

షాపు వెనకే అతని ఇల్లు. రాయిని అప్పటికే పైపులు బిగించే వైసులో పెట్టి బిగించి, ఉలి కోసం పెట్టె వెతుకుతున్నాడు.

"ఆగన్నా! నిన్న నేను సరిగా చూడలేదు. పొరపాటు నాదే."

"అంటే గుడ్డేనా?"

"గుడ్డు కానే కాదు!"

గోటితో పోయేదానికి గొడ్డలెందుకని, వదిన ఆ రాయిని ఇంటికి తెచ్చి, ఒకరోజు నీళ్లలో నానబెట్టి, ఒకరోజు ఫ్రిజ్‌లో గడ్డకట్టించింది. లోపలికి దిగిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే రాయి విడుతుందట. మళ్లీ అలాగే. మంచుముక్కలకి చోటు లేదని అన్నయ్య మూడు వారాలు గొణిగాడు. చివరికి రాయి తనంతట తానే రెండుగా విడింది. లోపల చేప! పొలుసు పొలుసూ లెక్కపెట్టుకోవచ్చు. ప్లంబరు ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. వదిన మాత్రం చేయి కడుక్కుని, మ్యూజియానికి వెళ్లి రిజిస్టరు తీసింది. పాత మాట మీద ఒక్క గీత కొట్టి, ఎర్రసిరాతో "నా పొరపాటు. సరిగా చూడకుండా చెప్పాను" అని రాసి, సంతకం పెట్టి, తనే అధికారి గదికి పట్టుకెళ్లింది.

ఆయన చదివాడు. "ఈ తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"నేనేనండీ."

ఇంకెక్కడైనా ఎర్రసిరా ఉందేమోనని ఆయన పాత పేజీలు చాలాసేపు తిప్పాడు. "చేప పక్కన పెట్టే చీటీ మీరే రాయండి" అని రిజిస్టరు తిరిగిచ్చాడు. బల్ల సంగతి ఎత్తలేదు.

చీటీలో వదిన ప్లంబరు పేరు పైన రాసింది. కింద తను మొదట చెప్పిన తప్పు కూడా రాసింది. అద్దాల పెట్టె ముందు నిలబడి అది చదువుతుంటే నా ఛాతీ పొంగిపోయింది.

తర్వాతి శనివారం వదిన బల్ల ఎప్పటి చోటే ఉంది. ప్లంబరు ఇంకో రాయి తెచ్చాడు. వదిన తడిపింది, గీసింది, పావుగంట తిప్పి తిప్పి చూసింది.

"ఇందులో ఏమీ లేదన్నా."

అతను రాయిని సంచిలో వేసుకున్నాడు.

"సుత్తితో కొట్టి చూడవా?" అన్నాను నేను.

"ఎందుకమ్మా? ఆవిడ లేదన్నారుగా."